ఎనిమిది సెకన్ల ఉడత

ఎనిమిదో తరగతి లెక్కల టీచరుకి ఈ లోకంలో ఎవరి మీదా పగ లేదు, ఒక్క ఉడత మీద తప్ప.

నిజం ఉడతయితే గుప్పెడు గింజలు పడేసి ఊరుకునేదే. ఇది తెర మీద ఉడత. దానికి కళ్ళద్దాలు, మెడలో ఎర్ర రుమాలు, చేతిలో తనకన్నా పొడుగాటి పెన్సిలు. సెలవులయ్యి బడి తెరిచేసరికి తరగతి గదిలో నల్లబల్ల మీద నిలువెత్తు తెర బిగించేసి ఉంది, ఆ తెరలో ఈ ఉడత కాపరం పెట్టేసి ఉంది. గదిలో ఎనిమిది సెకన్లపాటు ఏ చప్పుడూ లేకపోతే చాలు, కుడివైపు కింది మూల నుంచి తోకాడించుకుంటూ ఎక్కి వస్తుంది. టింగుటింగుమని గంట కొట్టి, "సాయం కావాలా నేస్తాలూ?" అని అడుగుతుంది. అడగడం పేరుకే. ఒకసారి ఎక్కిందంటే జవాబు చెప్పేసి, నాలుగు నక్షత్రాలు రాల్చి, పాట పాడితే తప్ప దిగదు. ఉడతసాయం అంటే ఏదో చేతనైనంత చిన్న సాయమని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకునేది. ఇంత పెద్ద అపకారం అని ఈ తెర వచ్చాకే తెలిసింది.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి వేరు. ప్రశ్న వేస్తుంది, సుద్దముక్క కింద పెడుతుంది, కిటికీకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడుతుంది. అంతే. ఎంతసేపైనా నిలబడుతుంది. జవాబు తెలిసినవాళ్ళు గబుక్కున అరవకూడదు, చెయ్యెత్తకూడదు. పిడికిలి బిగించి బల్ల మీద పెట్టాలి. బల్లల మీద పిడికిళ్ళు ఒకటొకటిగా పుట్టుకొస్తుంటే ఆవిడ చూస్తూ ఉంటుంది. సగానికి సగం వచ్చాక గానీ ఎవర్నీ అడగదు. ఎవరైనా తొందరపడితే "ఆగు, పక్కవాళ్ళని ఆలోచించనివ్వు" అంటుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే మాట. అందుకే పిల్లలు చాటుగా ఆవిణ్ణి ఆగు మేడమ్ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

కొత్త బోధన అంటూ రెండు రోజుల శిక్షణ పెట్టినప్పుడు ఆవిడ నిజంగానే సంతోషించింది. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లల చేత చేయించాలి అని తెర మీద పెద్దక్షరాలతో వేసి చూపించారు. ఎట్టకేలకు మన దారికే వచ్చారనుకుంది. ఆ తరవాత తెలిసింది అసలు కథ. తెర నెత్తిన కందిగింజంత కన్నం ఉంది, అది మైకు. పీరియడ్ మొత్తాన్ని అది వింటుంది. విన్నదాన్ని టీచరు మాట, పిల్లల మాట, చర్చ, నిశ్శబ్దం అని నాలుగు భాగాలు చేసి రంగులేస్తుంది. ఎనిమిది సెకన్లు చప్పుడు లేకపోతే నిశ్శబ్దం కింద లెక్క, దానిది ఎరుపు. నిశ్శబ్దం అంటే నేర్చుకోవడం ఆగిపోయినట్టే అని శిక్షణలో రాసి మరీ చూపించారు. శిక్షణ ఇవ్వడానికి తెర అమ్మిన కంపెనీవాళ్ళు పంపిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, ఎవరేం అన్నా "సూపర్ మేడమ్" అంటుంది. టీచరు లేచి, ఆలోచించేవాళ్ళు మాట్లాడరు కదమ్మా, అప్పుడెలా అని అడిగితే, సూపర్ క్వశ్చన్ మేడమ్ అని రాసుకుని కూర్చుంది.

పోనీ తెర కట్టేద్దామంటే కుదరదు. హాజరు అందులోనే, గంట అందులోనే, ఏ రోజు ఏ పాఠం అయిందన్నదీ అందులోనే. కట్టేస్తే ఆ రోజు క్లాసు జరగనట్టే లెక్క. నల్లబల్ల మీద రాసుకుందామంటే తెర దాన్ని మింగేసింది. ఎడమ పక్కన జానెడు వెడల్పున నల్లపట్టీ ఒకటి మిగిలింది. ఆవిడ తన ప్రశ్నలు పైకి చదువుతూ ఆ జానెడులోనే రాసేది. వరసకి రెండు మాటలు పట్టేవి, మూడో మాటకి చోటు చాలక కిందికి దిగేది. ప్రశ్న పూర్తయ్యేసరికి నడుం వంచి నేల దగ్గర రాయాల్సి వచ్చేది.

మొదటి నెల ఉడత వచ్చినప్పుడల్లా పిల్లలు నవ్వారు. రెండో నెలకి నవ్వు మానేశారు, ఆలోచించడమూ మానేశారు. ప్రశ్న వేయగానే ముప్ఫై ఎనిమిది జతల కళ్ళూ ఒక్కసారిగా తెర కుడివైపు కింది మూలకి తిరిగేవి. వాళ్ళ తప్పేముంది, ఎనిమిది సెకన్లు ఓపిక పడితే జవాబు పాట పాడుకుంటూ తనంతట తనే వచ్చి పడుతుంటే బుర్ర పెట్టేదెవరు? బల్లల మీద పిడికిళ్ళు కరువైపోయాయి. ఎప్పుడూ గలగలా మాట్లాడే కుర్రాడు ఒకడున్నాడు, క్లాసంతా టేపురికార్డరు అని పిలుస్తారు. వాడు ఉడత గొంతుని అచ్చు దింపేయడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు.

ఆవిడకి అందరికన్నా ఎక్కువ బాధ కలిగించింది మాత్రం నిదానం. అది పిల్ల పేరు కాదు, క్లాసు పెట్టిన పేరు. దర్జీ గారి అమ్మాయి. కిటికీ పక్కన చివరి నుంచి రెండో బల్ల. పెన్సిలు డబ్బాలో ఎప్పుడూ మూరెడు దారం ఉంటుంది, ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని వేళ్ళకి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ చుట్టుకుంటుంది. పోయినేడాది మొత్తం మీద ఆ పిల్ల పిడికిలి బల్ల మీదికి వచ్చింది ఆరుసార్లు. ఆరూ టీచరుకి గుర్తే, ఎందుకంటే ఆ ఆరు జవాబులూ ఇంకెవరికీ తట్టనివి. ఇప్పుడు ఆ పిల్ల దారం తీసి ఒక్క చుట్టు చుట్టేలోపు టింగుటింగు. మూడో నెలకి దారం తీయడమే మానేసింది. తల వంచుకుని, ఉడత చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో ఎక్కించుకుంటోంది. అది చూసినప్పుడల్లా టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కేది.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టారు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఒకప్పుడు చరిత్ర పాఠం కథలు కథలుగా చెప్పినవాడే. ఇప్పుడు పైనుంచి వచ్చే ప్రతి కాగితానికీ ఉలిక్కిపడుతూ బతుకుతున్నాడు. కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పి చూపించాడు. బడిలో టీచర్లందరి పక్కనా పచ్చటి పట్టీలు, ఆవిడ పక్కన ఎర్రటిది. నలభై నిమిషాల పీరియడ్‌లో నాలుగు నిమిషాలు నిశ్శబ్దం, మూడు నెలలుగా ఇదే వరస. శుక్రవారం తనూ, శిక్షణ అమ్మాయీ వచ్చి క్లాసు వెనకాల కూర్చుంటామని చెప్పాడు. ఆ రోజు కూడా ఎరుపే వస్తే ఎనిమిదో తరగతి లెక్కలు రికార్డు పాఠాలకి ఇచ్చేస్తారట. ఎక్కడో ఎవరో చెప్పిన పాఠం తెర మీద నడుస్తుంది, పిల్లలు అల్లరి చేయకుండా పక్కన కుర్చీలో కూర్చుని ఆవిడ చూసుకుంటే చాలట.

"సార్, నేను ఊరికే నిలబడటం లేదు. వాళ్ళు ఆలోచిస్తున్నారు" అంది ఆవిడ.

"నాకు తెలీదా మేడమ్ మీ సంగతి? ఆలోచించమనండి, కాదనను. కాస్త పైకి వినబడేలా ఆలోచించమనండి" అన్నాడు హెడ్మాస్టారు.

ఆవిడకి నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పి చివరికి కాపలా కుర్చీలో కూలబడటమా అని ఉడుక్కుంది. అంతకన్నా, కిటికీ పక్కన ఆ పిల్ల ఇక ఎప్పటికీ దారం తీయదే అని దిగులు పట్టుకుంది. ఆవిడ పోరాటం మంగళవారం నుంచి మొదలైంది.

మంగళవారం క్లాసుకి పది నిమిషాలు ముందే వెళ్ళి, కుర్చీ ఎక్కి, ఆ కందిగింజంత కన్నం మీద గాయాలకి వేసే ప్లాస్టర్ అతికించింది. ఉడత చెవులు మూశాను, ఇక చూడండి నా తడాఖా అనుకుంది. గంట కొట్టిన ఎనిమిదో సెకనుకి ఉడత ఎక్కింది. పాట పాడి దిగింది. ఎనిమిది సెకన్లకి మళ్ళీ ఎక్కింది. ఆవిడ గొంతు చించుకుని మాట్లాడుతున్నా ఎక్కింది. టేపురికార్డరు బల్ల మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టాడు. ప్లాస్టర్ ఊడబీకే లోపల ముప్ఫై ఒక్కసార్లు.

సాయంత్రం ఆ గోడు మొగుడితో వెళ్ళబోసుకుంది. ఆయనకి మైకుసెట్ల షాపు ఉంది. పాత స్పీకర్లు బాగు చేసి చేసి పెద్దగా మాట్లాడటం అలవాటైన మనిషి. ఆయన పడీ పడీ నవ్వాడు. చెవులు మూస్తే దానికి లోకమంతా నిశ్శబ్దమే కదటోయ్, లెక్కల టీచరువి ఆమాత్రం తెలీదా అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుని కూర్చుంటే కాస్త మెత్తబడి, అసలు కిటుకు చెప్పాడు.

"దానికి మాటకీ మోతకీ తేడా తెలీదు. చప్పుడుంటే చాలు, ఎవరో మాట్లాడుతున్నారనుకుంటుంది."

ఆ మాట పట్టుకుని బుధవారం షాపులోంచి ఓ ముసలి టేబుల్ ఫ్యాను మోసుకెళ్ళింది. దాని రొదకి పక్క గది సైన్సు టీచరు వచ్చి, పిండిమిల్లు పెట్టారా అని అడిగి వెళ్ళింది. ఉడత మాత్రం ఠంచనుగా ఎనిమిదో సెకనుకి హాజరు. ఆ సాయంత్రం మొగుడు తాపీగా చెప్పాడు, ఒకే తీరున సాగే రొదని అలాంటి మైకులు వడగట్టేస్తాయి, ఆగి ఆగి రావాలి చప్పుడు అని. ఈ ముక్క నిన్ననే ఏడవచ్చుగా అంది ఆవిడ. నువ్వు ఫ్యాను పట్టుకెళ్తానని నాకు చెప్పావా, అడక్కుండా ఎత్తుకుపోయి మళ్ళీ నన్నంటావేం అన్నాడాయన. అదీ నిజమే మరి.

గురువారం ప్రశ్న వేసి తనే మాట్లాడుతూ నిలబడింది. ఆలోచించండి, తొందరేం లేదు, నిదానంగా, బొమ్మ గీసి చూడండి, తొందరేం లేదు, ఆలోచించండి. బస్సులో కండక్టరులా అవే మాటలు తిప్పి తిప్పి అంటుంటే తన గొంతు తనకే రోత పుట్టింది. అయినా ఉడత రాలేదు. రెండు నిమిషాలు గడిచాయి. పిడికిలి ఒక్కటీ లేదు. అప్పుడు కిటికీ పక్క నుంచి దర్జీ గారి అమ్మాయి లేచి నిలబడింది. అడక్కుండా ఆ పిల్ల లేవడం అదే మొదటిసారి.

"మేడమ్, మీరు మాట్లాడుతుంటే నాకు లెక్క అందట్లేదు" అంది.

క్లాసంతా ఘొల్లుమంది. పిల్ల ముఖం ఎర్రబడింది కానీ కూర్చోలేదు. "మాటలు వినబడితే మనసు వాటి వెనకాలే పోతుంది మేడమ్. ఉత్త మోతయితే ఏం కాదు. మా ఇంట్లో పొద్దస్తమానం మూడు మిషన్లు మోగుతూనే ఉంటాయి. నేను ఆ మోతలోనే చదువుకుంటాను."

ఆవిడ నోరు మూసుకుంది. కుర్చీ వీపు పట్టుకుని ఏడో సెకను దగ్గర ఒక్క ఈడ్పు ఈడ్చింది. కీచుమంది. ఉడత రాలేదు. మళ్ళీ ఏడు లెక్కపెట్టి ఈడ్చింది. పిల్లలకి సంగతి అర్థమై ముసిముసిగా నవ్వడం మొదలెట్టారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషి క్లాసులో కుర్చీని ముందుకీ వెనక్కీ ఈడుస్తూ నిలబడింది. నాలుగో ఈడ్పుకి కుర్చీ కాలు విరిగి ఆవిడ చేతిలోకి వచ్చింది. అందరూ బిత్తరపోయి గుడ్లప్పగించి చూస్తుండగా ఎనిమిది సెకన్లు దాటాయి.

"సాయం కావాలా నేస్తాలూ?" అంది ఉడత.

ఆవిడ కుర్చీ కాలు పట్టుకుని తెర వైపు అడుగేసింది. అంతలో తన చేతిలో ఏముందో, తానెక్కడుందో గుర్తొచ్చి ఆగిపోయింది. కాలు బల్ల కింద పెట్టేసి వరండాలోకి వెళ్ళి నీళ్ళు తాగింది. కళ్ళు మండుతున్నాయి. ఒక బొమ్మ ఉడత తనని ఇంత దూరం తెచ్చిందా అని సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున తల దువ్వుకుంటూ ఆవిడ ఒక నిశ్చయానికి వచ్చింది. ప్లాస్టర్లు వద్దు, ఫ్యాన్లు వద్దు, కుర్చీలు అసలే వద్దు. ఎప్పుడూ వేసినట్టే ప్రశ్న వేస్తుంది, ఎప్పుడూ నిలబడ్డట్టే నిలబడుతుంది. ఉడత వస్తే రానీ, ఎరుపు వస్తే రానీ. ఈ క్లాసుతో ఇదే ఆఖరి పాఠమైతే అది తన పాఠంలాగే ఉండాలి.

హెడ్మాస్టారు, శిక్షణ అమ్మాయి ముందే వచ్చి చివరి బల్లలో ఇరుక్కుని కూర్చున్నారు. అమ్మాయి ఒళ్ళో ట్యాబ్, అందులో గదిలోని చప్పుళ్ళన్నీ రంగుల పట్టీలై కదులుతున్నాయి. పిల్లలు మామూలుకన్నా బుద్ధిగా ఉన్నారు. సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు. హెడ్మాస్టారి గదిలో అనుకున్న మాట పిల్లలకి తెలియని బడి ఎక్కడా ఉండదు.

ఆవిడ జానెడు నల్లపట్టీ మీద రాయడం మొదలుపెట్టింది. రెండు దీర్ఘచతురస్రాలు. రెండింటి చుట్టుకొలతా ఒకటే. అయితే వైశాల్యం కూడా ఒకటేనా? ఆఖరి మాటకి నేల దగ్గర వంగి, నడుం పట్టుకుని లేచింది. లేచేసరికి టేపురికార్డరు "ఒకటే మేడమ్" అని అరిచేశాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు. సుద్దముక్క కింద పెట్టి, కిటికీకి ఆనుకుని, చేతులు కట్టుకుంది.

ఒకటి, రెండు, మూడు. గది నిశ్శబ్దంగా ఉంది. నాలుగు, అయిదు. కళ్ళన్నీ కుడివైపు కింది మూలకి తిరుగుతాయని ఆవిడ మనసు దిటవు చేసుకుంది. తిరగలేదు. ఆరు, ఏడు.

టేపురికార్డరు చేతిలోంచి జామెట్రీ బాక్సు జారి గలగలా నేల మీద పడింది. ఆవిడకి ఒళ్ళు మండింది. ఇవాళ కూడానా వీడి కోతిచేష్టలు అనుకుంది. వాడు సారీ మేడమ్ అంటూ కిందికి వంగి కంపాసూ కోణమానినీ ఒకటొకటిగా, తెగ తీరిగ్గా ఏరుకున్నాడు. వాడు ఏరడం అయిపోయాక ఏడు సెకన్లకి రెండో బల్లలో అమ్మాయి ముక్కు చీదింది. ఆ పిల్లకి జలుబు లేదు. మరో ఏడు సెకన్లకి ఎవరో స్కేలుతో బల్ల మీద రెండు దెబ్బలు వేశారు. తరవాత ఒక దగ్గు. తరవాత నోటుబుక్కు కాగితాలు ఫరఫరా తిప్పిన చప్పుడు. తరవాత బల్ల కిర్రుమంది. వంతులు ఎవరు వేశారో, ఎప్పుడు వేసుకున్నారో గానీ ఒకరి మీద ఒకరు పడకుండా, ఏడు దాటనీకుండా చప్పుడు బల్ల నుంచి బల్లకి నడుస్తోంది. ఒక్క మాట లేదు. ఉత్త మోత.

ఆవిడకి అప్పుడు అర్థమైంది. కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ముఖం తిప్పుకుంది.

వెనకాల హెడ్మాస్టారు ఇదేం అల్లరి అని లేవబోయాడు. శిక్షణ అమ్మాయి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ట్యాబ్ చూపించింది. పచ్చ పట్టీ పాకుతూ పోతోంది. ఆయన మెల్లిగా కూర్చున్నాడు.

మొదటి పిడికిలి మూడో బల్ల మీద వచ్చింది. ఒక చేత్తో పెన్సిలు టకటకలాడిస్తూనే రెండో చెయ్యి పిడికిలి బిగించి పెట్టాడు ఒక కుర్రాడు. తరవాత ఇంకోటి. టేపురికార్డరు పుస్తకంలో పొట్టిగా లావుగా ఒక పెట్టె, పొడుగ్గా సన్నగా ఒక పెట్టె గీసుకుని, రెండింటినీ మార్చి మార్చి చూసి, తను ఇందాక అరిచిన మాటని మింగేసినట్టు ముఖం పెట్టి, పిడికిలి బల్ల మీద పెట్టాడు. తొమ్మిది, పదిహేను, ఇరవై ఒకటి. రెండు నెలల తరవాత ఆ బల్లల మీద పిడికిళ్ళు చూస్తోంది ఆవిడ. సగం దాటాయి, ఇక ఎవరినో ఒకర్ని లేపేయొచ్చు. లేపలేదు. కిటికీ పక్కన దారం బయటికి వచ్చింది మరి.

మూడు నిమిషాలు దాటింది. దర్జీ గారి అమ్మాయి దారం కొసలు ముడేసింది. నాలుగు వేళ్ళకి తగిలించింది. తల ఒక పక్కకి వాల్చి చూసుకుంది. చుట్టూ దగ్గులూ స్కేళ్ళూ బాక్సులూ మోగుతున్నా ఆ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంట్లో మిషన్ల పక్కన కూర్చున్నంత నిబ్బరంగా ఉంది. కాసేపటికి దారాన్ని వేళ్ళకి అలాగే ఉంచి రెండో చేతి పిడికిలి బల్ల మీద పెట్టింది.

"రా అమ్మా" అంది టీచరు.

పిల్ల ముందుకొచ్చి టేపురికార్డర్ని పిలిచి, రెండు చేతుల చూపుడువేళ్ళూ బొటనవేళ్ళూ చాపమంది. దారం వాటికి తగిలించి పెట్టెలా నిలబెట్టింది. అందరికీ కనబడేలా వాడి చేతులు పైకెత్తించింది. తరవాత ఆ చేతుల్ని మెల్లగా ఎడంగా జరిపింది. పెట్టె పొడుగైంది, సన్నబడింది. ఇంకా జరిపింది. ఇంకా సన్నబడింది. చివరికి పై పోగూ కింది పోగూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి.

"దారం అదే మేడమ్, తగ్గలేదు, పెరగలేదు. చుట్టూ కొలిస్తే ఎప్పుడూ అంతే వస్తుంది" అంది. కాస్త ఆగి, దారం వైపే చూస్తూ అంది, "లోపలే ఏమీ మిగల్లేదు."

ఎవరూ దగ్గలేదు. ఎవరూ స్కేలు కొట్టలేదు. ముప్ఫై ఏడుమందీ మెడలు చాచి ఆ రెండు పోగుల మధ్య లేని చోటుకేసి చూస్తున్నారు. వంతు ఎవరిదో వాళ్ళు మరిచిపోయారు. ఎనిమిది సెకన్లు దాటాయి, ఉడత ఎక్కింది, గంట కొట్టింది, చుట్టుకొలత సూత్రం ఏదో చదివింది, నక్షత్రాలు రాల్చింది, పాట పాడింది, దిగిపోయింది. దాని వైపు ఒక్కళ్ళూ తిరిగి చూడలేదు.

గంట కొట్టాక హెడ్మాస్టారు ట్యాబ్ పట్టుకుని దాదాపు పరుగున వచ్చాడు. చర్చ తొంభై ఒక్క శాతం, బడిలో ఇంతవరకూ ఏ క్లాసుకీ రాలేదట. నిశ్శబ్దం మొత్తం పీరియడ్‌కి ఎనిమిదంటే ఎనిమిది సెకన్లు. పచ్చటి పట్టీ మధ్యలో వెంట్రుకంత ఎర్రగీత. ఆయన దాన్ని బొటనవేలితో కప్పేసి, ఇది పట్టించుకోనక్కర్లేదు మేడమ్, క్లాసు మీదే అన్నాడు. ఆవిడ ఆ వేలి వైపు చూస్తూ నిలబడింది. పీరియడ్ మొత్తంలో పాఠం తలకెక్కింది సరిగ్గా ఆ వేలి కిందే. చెప్పి ఏం లాభం?

ఆయన ఇంకా అయిపోలేదు. ఈ పద్ధతి అన్ని క్లాసుల్లోనూ పెట్టాలన్నాడు. సోమవారం నుంచి పిల్లలందరూ జామెట్రీ బాక్సులు తప్పనిసరిగా తెచ్చుకోవాలని నోటీసు తీస్తానన్నాడు, పద్ధతికి మంచి పేరొకటి పెట్టి ఒక పేజీ రాసివ్వమన్నాడు. క్లాసు నిలబడినందుకు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, అది దేనివల్ల నిలబడిందో తలుచుకుంటే తల బాదుకోవాలనిపించింది. రెండూ ఒకేసారి అనిపించడంతో తలూపింది. ఆయన వెళ్ళిపోయాడు.

శిక్షణ అమ్మాయి మాత్రం వెళ్ళలేదు. సంచీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ కాసేపు తచ్చాడింది.

"అవి దగ్గులని నాకు మూడో నిమిషంలో తెలిసింది మేడమ్" అంది.

"మరి ఏం రాశావు?"

"తెర ఏం చూపించిందో అదే రాశాను." సూపర్ అనలేదు. టేబుల్ మీద దర్జీ గారి అమ్మాయి వదిలేసిన దారం ముడి తీసుకుని చూసింది. "నేను కూడా వైశాల్యం ఒకటే అనుకున్నాను. కాలేజీ దాకా లెక్కలు చదివాను, ఇది ఎవరూ అడగలేదు. మరి మేడమ్, లోపల అన్నిటికంటే ఎక్కువ చోటు ఎప్పుడుంటుంది?"

జవాబు ఆవిడ నాలుక చివర ఉంది. ఒక్క మాట. పైగా వారం రోజులుగా విసిగి వేసారి ఉంది, ఇంటికి పోయి కాళ్ళు చాపుకోవాలని ఉంది, ఈ పిల్ల కంపెనీ ఉడతే కదా తన కొంప మీదికి తెచ్చింది. అయినా నోరు తెరవలేదు. కిటికీ పక్క బల్ల చూపించింది. ఆ అమ్మాయి వెళ్ళి చివరి నుంచి రెండో బల్లలో కూర్చుని దారం వేళ్ళకి తగిలించుకుంది.

గది నిశ్శబ్దమైంది. మూడు, నాలుగు, అయిదు. అమ్మాయి తలెత్తి భయంభయంగా తెర కుడివైపు కింది మూలకి చూసింది.

"అటు చూడకు. అది నేను చూసుకుంటాను" అంది టీచరు.

ఏడో సెకను దగ్గర స్కేలు తీసుకుని బల్ల మీద రెండు దెబ్బలు వేసింది. మళ్ళీ ఏడు లెక్కపెట్టి రెండు వేసింది. పక్క గది సైన్సు టీచరు తొంగి చూసి, ఇదేం ఖర్మ అన్నట్టు తలాడించి పోయింది. టీచరు పట్టించుకోలేదు. నిలబడి, లెక్కపెడుతూ, కొడుతూ ఉంది, బల్ల మీదికి పిడికిలి వచ్చేదాకా.